రెండు సాంచాల మనిషి

(సిరిసిల్లలో మా తాత వర్ధంతి నాడు జరిగిన సభలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



స్మారకోపన్యాసాలు మామూలుగా మంత్రుల పేరు మీదో, కవుల పేరు మీదో జరుగుతాయి. బొంబాయి మిల్లులో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపి రిటైరైన మనిషి పేరు మీద పెడదామని ఈ వాడ పిల్లలు వచ్చి అడిగినప్పుడు మా బాపు ఒప్పుకోలేదు. "మా నాయిన ఏం జేసిండని? డ్యూటీకి పోయిండు, ఇంటికొచ్చిండు" అన్నాడు. సరే, ఆ డ్యూటీ గురించే చెబుతానని నేను ఒప్పుకున్నాను. నేను చరిత్ర చదివినదాన్ని కాను, ప్రావిడెంట్ ఫండ్ లెక్కలు రాసుకుంటూ బతికేదాన్ని. మధ్యమధ్య లెక్కలు దొర్లితే ఓర్చుకోండి.

మా తాత దగ్గరికి చివరి రోజుల్లో కాలేజీ పిల్లలు, యూనియన్ వాళ్లు, ఒకరిద్దరు పత్రికల వాళ్లు వచ్చేవారు. అందరూ అడిగేది ఒక్కటే, 1982 బొంబాయి మిల్లుల సమ్మె. జనవరి 18న మొదలైన ఆ సమ్మెలో దాదాపు రెండున్నర లక్షల మంది దిగారు. కార్మిక నాయకుడు దత్తా సామంత్ ముందు నిలబడ్డాడు. సమ్మె ముగిసిందని ఎవరూ అధికారికంగా ప్రకటించనే లేదు, లక్షకు పైగా ఉద్యోగాలు పోయాయి. ఇదంతా పుస్తకాల్లో ఉంది. వాళ్లు వెళ్లిపోయాక తాత మంచం మీద కూర్చుని గొణుక్కునేవాడు: "సమ్మె ఏడాదిన్నర. నేను పన్జేసింది నలభై ఏండ్లు. దాని సంగతి ఎవ్వడడుగడేంది?"

కాబట్టి ఇవాళ ఆ నలభై ఏళ్ల గురించి మాట్లాడతాను. సమ్మె ప్రస్తావన కూడా వస్తుంది, కానీ దాని వంతు వచ్చినప్పుడే.

ఆయన బొంబాయికి పోయింది 1950లో, పంతొమ్మిదేళ్లప్పుడు. ఇంట్లో గుంట మగ్గం ఉండేది. నూలు సావుకారిది, గుడ్డ సావుకారిది, అప్పు మాత్రం మాది. ఇక్కడినుంచి కామారెడ్డి దాకా దొరికిన బండి ఎక్కి, కామారెడ్డిలో మీటర్ గేజి రైలు పట్టుకుని మన్మాడ్‌లో దిగి, అక్కడ పెద్ద రైలు ఎక్కాలి. ఆ దారి మా తాత కనిపెట్టింది కాదు. తెలుగు నేల మీదినుంచి కూలీలు, మేస్త్రీలు పద్దెనిమిదో శతాబ్దం చివరినుంచే బొంబాయికి పోతున్నారు. వాళ్లను అక్కడ కామాఠీలు అన్నారు. కామాఠీపురా ఆ కామాఠీలు కట్టుకున్న వాడే. తర్వాత ఆ పేరు దేనికి గుర్తయిందో అందరికీ తెలుసు గాని, ఆ నగరం గోడలు లేపిన మనవాళ్ల పేరది అని మనం కూడా మరచిపోయాం.

ఆయన దిగేసరికి అక్కడ సమ్మె నడుస్తోంది. 1982ది కాదు, 1950ది. బోనస్ కోసం రెండు నెలలు మిల్లులన్నీ ఆగిన సమ్మె. ఊరినుంచి పనికోసం పోయిన పిల్లగాడికి ముందు ఎదురైంది మూసిన గేటు. లోపలికి పోతే ఆ రోజే పని ఇస్తామన్నవాళ్లు ఉన్నారట. వరుసకు మామ అయ్యే ఒకాయన మెడమీద చెయ్యి వేసి వెనక్కి తీసుకొచ్చి, "ఉపాసముంటె నేను బువ్వ పెడ్తా, ఆ గేట్ల మాత్రం అడుగు పెట్టకు" అన్నాడట. ఈ సంగతి మాత్రం తాత నవ్వుతూ చెప్పేవాడు.

సమ్మె అయ్యాక చాలా ఏళ్లు బదిలీ పని. బదిలీ అంటే ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. మొదటి పాళి పొద్దున ఏడింటికి. అంతకుముందే కార్డు చేతబట్టుకుని గేటు దగ్గర నిలబడాలి. లోపల ఎవడైనా రాకపోతే ముకాదం బయటికి వచ్చి చూస్తాడు, వేలు చూపిస్తాడు. చూపించకపోతే మధ్యాహ్నం మూడున్నర పాళికి మళ్లీ నిలబడాలి. అప్పుడూ కాకపోతే అర్ధరాత్రి పాళికి. పని దొరికిన రోజుకే కూలీ. ముకాదం కంట్లో పడాలంటే చాయ పోయాలి, పండక్కి చెయ్యి తడపాలి. మా తాత ఆ ముకాదాన్ని చచ్చేదాకా తిట్టాడు. అతని ఇంట్లో పెళ్లికి మాత్రం పోయి కట్నం చదివించి వచ్చాడట.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నేత ఖాతాలో, అంటే సాంచా ఖాతాలో, కూలీ మిగతా ఖాతాల కంటే మెరుగు. ఆ పని మనవాళ్లకు సులువుగా దొరకడానికి చేతిలో ఉన్న విద్య ఒక కారణం, కులం ఇంకో కారణం. నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు పోగును నాడె కన్నంలోంచి నోటితో పీల్చి బయటికి తీసేవారు. ఒకరు పీల్చిన నాడెను ఇంకొకరు పీల్చాలి. ఆ ఎంగిలి పేరు చెప్పి దళితులను సాంచా ఖాతాలోకి రానివ్వలేదు. తక్కువ కూలీ ఉన్న వడికే ఖాతాల్లోనే ఉంచారు. 1928 సమ్మె రోజుల్లోనే అంబేడ్కర్ ఈ సంగతి ఎత్తి, మా వాళ్లకు నేత ఖాతా తెరవండని అడిగాడు. ఎర్రజెండా నాయకులు కూడా అప్పుడు నీళ్లు నమిలారు. ఇవాళ దాదర్‌లో అంబేడ్కర్ స్మారకం కడుతున్నది ఇందూ మిల్లు భూమిలోనే. తాతను ఒకసారి దీని గురించి అడిగాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మా ఖాతల మాల మాదిగలు లేరని నాకు చానా ఏండ్లు తెల్వనే తెల్వదు బిడ్డా" అన్నాడు. తెలియకుండా ఉండగలగడం కూడా మా వాటాకు వచ్చిన సౌకర్యమే.

ఇక పని. ఒక మనిషికి రెండు సాంచాలు. రెండింటి మధ్య మనిషి తిరగడానికి సరిపోయేంత సందు. ఒక్కో సాంచా నిమిషానికి దాదాపు 200 పోట్లు వేస్తుంది. అలాంటివి ఒకే షెడ్డులో వందలు. పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు, పెదాల కదలిక చూసి అర్థం చేసుకోవాలి, లేదా చేతి సైగ. మా తాత ఇంట్లో కూడా మనిషి నోరు చూస్తూ మాట వినేవాడు. చిన్నప్పుడు మేము అది శ్రద్ధ అనుకునేవాళ్లం. చెవులు పోయాయని మాకు తెలియలేదు. గాలిలో తేమ లేకపోతే పోగు పుటుక్కున తెగుతుంది. అందుకని కిటికీలు మూసి, షెడ్డు నిండా తేమ పట్టించేవారు. నూలు సుఖం కోసం మనిషికి ఉక్కపోత.

పేక తెగితే సాంచా తానే ఆగుతుంది, దానికో ముల్లు ఉంది. పడుగు తెగితే మాత్రం ఆ పాత సాంచాలు ఆగవు. వేల పోగుల్లో ఒక్కటి తెగినా అది పక్క పోగుల్లో చిక్కుకుని గుడ్డలో మచ్చ పడుతుంది, గుడ్డ మడతపెట్టే ఘడీ ఖాతాలో పట్టుబడుతుంది, కూలీలో కోత పడుతుంది. కాబట్టి ఒక సాంచాలో కండె మారుస్తూనే రెండో సాంచా పడుగు మీద చూపు ఉంచాలి. తెగిన పోగును అల్లు కన్నంలోంచి, అచ్చు పంటిలోంచి కొక్కెంతో లాగి ముడి వెయ్యాలి. ఆ ముడి రెండు వేళ్లతో వేసేది, విప్పితే రాదు, అచ్చులో తట్టుకోదు. మా తాత ఆ ముడి మా అందరికీ నేర్పాలని చూశాడు. నాకొక్కదానికే వచ్చింది. ఇప్పటికీ బొత్తాలు కుట్టుకునేటప్పుడు పనికొస్తుంది.

ఇక్కడ నాదొక అభిప్రాయం, కొందరికి నచ్చకపోవచ్చు. మగ్గం వదిలి మిల్లుకు పోవడం నేతగాడి పతనమని మనం సభల్లో, పుస్తకాల్లో చాలాసార్లు విన్నాం. కళాకారుడు కూలీ అయ్యాడని కన్నీళ్లు పెట్టుకుంటారు. మా తాత ఎన్నడూ అలా అనుకోలేదు. ఇంటి మగ్గం మీద ఆయనకు గడియారం లేదు. తెల్లవారుజామున మొదలై దీపం పెట్టేదాకా పని. తల్లి కండెలు చుట్టాలి, చెల్లెలు పోగులు అతకాలి, తండ్రి గంజి పెట్టాలి. అందరి చాకిరీ కలిసి ఒక్కడి పేరున సావుకారి పుస్తకంలో అప్పు కింద జమ అయ్యేది. మిల్లులో ఆయన చేసిన పని ఆయన పేరున పడింది. సైరన్ కూస్తే పని ఆగింది. పర్మనెంటు అయ్యాక 1952 చట్టం కింద ప్రావిడెంట్ ఫండ్ వచ్చింది. ఆ చట్టం మొదట వర్తించిన ఆరు పరిశ్రమల్లో బట్టల మిల్లులు ఒకటి. కార్మిక బీమా దవాఖాన వచ్చింది. జ్వరమొస్తే పడుకోవడానికి కాగితం వచ్చింది. మగ్గం మీద జ్వరానికి కాగితం ఎవరిస్తారు?

మిల్లు గొప్పదని చెప్పడం లేదు. పత్తి దులిపే ఖాతాల్లో ఊపిరితిత్తులు పాడైన వాళ్లు ఎందరో. సెలవు తర్వాత పనిలోకి వెళ్లిన మొదటి రోజే వాళ్లకు ఛాతీ పట్టేసేదట. తాత చెవుల సంగతి చెప్పాను. చెవుడు పని వల్ల వచ్చిన జబ్బుగా బీమా చట్టం జాబితాలోనే ఉందని, దానికి పరిహారం అడగవచ్చని ఆయనకు ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసేసరికి ఆయన లేడు. ఇక్కడ ఎవరికైనా చెవులు గుయ్యిమంటుంటే, సాంచా మీద ఉండగానే పరీక్ష చేయించుకోండి, కాగితం దాచుకోండి. ఇది ఉపన్యాసంలో భాగం కాదు, నా వృత్తి అలవాటు.

గదుల గురించి ఎంతైనా చెప్పవచ్చు. వర్లీ బీడీడీ చాలీల్లో ఒక గది. పది పన్నెండు మంది, అందరూ ఇటు కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల వాళ్లే. ముగ్గురికి ఒకే పరుపు చొప్పున సరిపోయేది, ఎందుకంటే ముగ్గురివీ మూడు పాళీలు. ఒకడు లేచి పోతే ఆ వెచ్చటి పరుపు మీద ఇంకొకడు పడుకునేవాడు. భోజనం ఖానావళిలో. మిల్లులో పని పోయిన మగవాళ్ల భార్యలో, దిక్కులేని ఆడవాళ్లో నడిపేవారు. నెలకు ఒకసారి లెక్క. దాదర్‌లో 1975లో ప్రేమా పురవ్ ఆ ఆడవాళ్లను కూడగట్టి అన్నపూర్ణ మహిళా మండల్ పెట్టింది. బ్యాంకు అప్పులు ఇప్పించి వడ్డీవాళ్ల బారినుంచి తప్పించింది. మిల్లు చరిత్ర రాసేటప్పుడు ఈ వంటగదులు చాలామందికి గుర్తురావు. ఎన్ని లక్షల గజాల గుడ్డ నేసినా, ఆ మనుషులు తిన్న జొన్నరొట్టె ఎవరో కొట్టాలి కదా.

గదిలో ఉత్తరం రాసేంత చదువు ఉన్నవాడు ఒకడే ఉండేవాడు. ఆదివారం వాడి చుట్టూ అందరూ కూర్చుని ఉత్తరాలు రాయించేవారు. భార్యకు రాయవలసిన మాట పదిమంది ముందు చెప్పాలి గనుక అందరి ఉత్తరాలూ ఒకే తీరుగా ఉండేవి: నేను క్షేమం, మీ క్షేమం తెలుపగలరు, పైకం పంపిన, పిల్లలు జాగ్రత్త. మా బాపమ్మ దగ్గర అలాంటి కట్ట ఒకటి ఉండేది. "అన్నిట్ల ఒక్కటే ముచ్చట, ఒక్కటి సదివితె సాలు" అని పక్కకు పెట్టేసేది. పారెయ్యలేదు మరి.

బాపమ్మ దగ్గరికి వచ్చాను కాబట్టి కాసేపు ఆగుతాను. తాతకు మిల్లు స్వేచ్ఛ ఇచ్చిందని ఇందాక అన్నాను. ఆ స్వేచ్ఛకు సగం ఖర్చు ఇక్కడ ఈ ఊళ్లో చెల్లింది. తాత ఏటా ఒకసారి, ఎండాకాలంలోనో బతుకమ్మకో వచ్చేవాడు. మిగతా నెలలన్నీ బాపమ్మ చాట ముందు వేసుకుని తునికాకు కత్తిరిస్తూ బీడీలు చుట్టింది. వెయ్యి బీడీలకు ఇంత అని లెక్క. అత్త, మామ, నలుగురు పిల్లలు, ఒక బర్రె. తాత దగ్గర ఒక నోటుపుస్తకం ఉండేది. ఏ నెల ఎంత మనియార్డరు పంపిందీ అందులో వరుసగా ఉంది. నేను లెక్కల మనిషిని గనుక ఒకసారి కూడి చూశాను. ఆ పైకంతో ఈ ఇల్లు గడవదు. పిల్లల చదువు, ఇద్దరు ఆడపిల్లల పెళ్లిళ్లు, ఈ ఇంటి కప్పు, ఇవన్నీ బీడీల్లోంచి వచ్చాయి. బాపమ్మ లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే ఊళ్లో అందరూ దీన్ని బొంబాయి పైసల ఇల్లు అంటారు.

ఇప్పుడు సమ్మె. అప్పటికి తాతకు యాభై దాటింది. అడిగినవి కూలీ పెంపు, బదిలీలకు పర్మనెంటు, నచ్చిన యూనియన్‌తో మాట్లాడుకునే హక్కు. 1946 నాటి బొంబాయి చట్టం ప్రకారం గుర్తింపు ఒక్క రాష్ట్రీయ మిల్ మజ్దూర్ సంఘ్‌కే ఉండేది, కార్మికులు దాన్ని ఎంత కాదన్నా సరే. మొదటి రెండు నెలలు గదిలోనే ఉన్నాడు. తర్వాత అందరిలాగే ఊరికి వచ్చాడు. సమ్మె అంత కాలం నిలబడటానికి ఇలాంటి ఊళ్లే కారణం. ఇక్కడ తిండి పెట్టింది బీడీలు చుట్టిన ఆడవాళ్లు. అది వేరే చెప్పక్కర్లేదు.

ఆ సమ్మెలో మా ఇంటి చిక్కు ఒకటుంది. మిల్లులు ఆగినా బజారులో గుడ్డ ఆగలేదు. యజమానులు ఆ పనిని భివండి మరమగ్గాలకు ఇచ్చి నేయించారు. సమ్మె వెన్ను విరిచిన వాటిలో అదొకటి. ఆ భివండిలో సాంచాలు నడిపినవాళ్లలో మన సిరిసిల్ల వాళ్లు తక్కువేమీ లేరు. మా తాత సొంత తమ్ముడే ఉన్నాడు. అన్న గేటు బయట, తమ్ముడు అన్న నేయవలసిన గుడ్డ నేస్తూ లోపల. చిన్నతాతను తప్పుపట్టడం నాకు రాదు. ఆయనకూ నలుగురు పిల్లలు, ఆయన షెడ్డుకు యూనియనే లేదు. ఆ ఏడు బతుకమ్మకు ఇద్దరూ ఊరికి వచ్చారు, ఒకే వాకిట్లో పక్కపక్కన మంచాలు వేసుకుని పడుకున్నారు. ఆ ముచ్చట మాత్రం ఎత్తలేదని బాపమ్మ చెప్పింది. నేను పెద్దయ్యాక అడిగినా ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

1983లో ప్రభుత్వం 13 మిల్లులను చేతిలోకి తీసుకుంది. తాత పనిచేసిన మిల్లు వాటిలో ఒకటి కావడం ఆయన అదృష్టం, మళ్లీ తీసుకున్నారు. 1991 మొదట్లో వయసు నిండి రిటైరయ్యాడు. అదే ఏడు నగర నిర్మాణ నిబంధనలు మార్చి మిల్లు భూములు అమ్ముకోవడానికి దారి తెరిచారు. మూడో వంతు నగరానికి, మూడో వంతు పేదల ఇళ్లకు, మూడో వంతు యజమానికి అన్నారు. 2001లో ఆ లెక్కను ఖాళీ స్థలానికే కుదించారు. అంటే షెడ్లు నిలబడి ఉన్న నేలంతా వాటాల్లోంచి జారిపోయింది. లెక్కల మనిషిగా అంత తెలివైన సవరణ నేను ఇంకొకటి చూడలేదు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1982 జనవరి 1 నాటికి హాజరు పట్టీలో ఉన్నవాళ్లకు ఇళ్లు ఇస్తామని లాటరీ పెట్టారు. లక్షకు పైగా దరఖాస్తులు. మాదీ ఒకటి ఉంది. పరేల్‌లో ఒక మిల్లు ఇప్పుడు మాల్ అయింది, పొగగొట్టాన్ని అందానికి ఉంచుకున్నారు. తాతను ఒకసారి తీసుకుపోయాను. ఆయన చూసింది నేలను. "ఈడ నూనె మరకలుండె, రాయి మార్చిండ్రు" అన్నాడు.

ఊరికి వచ్చాక ఆయన ఊరుకోలేదు. 1970ల తర్వాత సిరిసిల్లలో సాంచాలు పెరిగాయి. మిల్లుల్లో తీసేసిన పాత సాంచాలు భివండికి, అక్కడినుంచి ఇలాంటి ఊళ్లకు సెకండుహ్యాండులో వచ్చాయి. చెడిపోతే తాతను పిలిచేవారు. చెవులు వినపడని మనిషి సాంచా చెక్క మీద అరచెయ్యి ఆనించి, ఏ తోలు పట్టీ వదులైందో చెప్పేవాడు. డబ్బు అడిగేవాడు కాదు. ఒకటి మాత్రం అడిగేవాడు: "మీ పోరగాండ్లకు పీఎఫ్ కడుతున్నవా?" ఆ ప్రశ్న వల్ల ఆయన్ను పిలవడం తగ్గించారు.

సాంచాలు పెట్టుకున్న ఆసాములు ఈ సభలో కూడా ఉన్నారు, కోపం తెచ్చుకోకండి. 2025 దాకా అమల్లో ఉన్న ఫ్యాక్టరీ చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది కార్మికులుంటేనే వర్తించేది. మన షెడ్లలో నాలుగు సాంచాలు ఒకరి పేరున, నాలుగు ఇంకొకరి పేరున. ఎక్కడా పది నిండరు. అందుకని పన్నెండు గంటల పాళీ, మీటరు లెక్కన కూలీ, జ్వరానికి కాగితం లేదు. 2000 అటూ ఇటూ ఈ ఊళ్లో ఆత్మహత్య చేసుకున్న నేతగాళ్ల శవాలు ఎన్ని మోశామో మీకు నేను చెప్పాలా? 2017 నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చాయి, కొన్ని నెలలు పని దొరికింది. ఆర్డరు పని ఇస్తుంది గాని సర్వీసు ఇవ్వదు. 1955లో వర్లీ చాలీలో పరుపు పంచుకున్న మా తాతకు ఉన్నదేదో, ఇవాళ సొంత ఇంట్లో పడుకుని సాంచాకు పోయే పిల్లగాడికి లేదు. ఆసాములకు కూడా గుడ్డ తీసుకునే సేట్ల దగ్గర ఏమీ మిగలదని నాకు తెలుసు. అయినా ఆ పద్దు రాయక తప్పదు.

తాతకు రిటైరైనప్పుడు ఫండు, గ్రాట్యుటీ వచ్చాయి. నెల నెలా పింఛను రాలేదు. ఉద్యోగుల పింఛను పథకం 1995 నవంబరులో వచ్చింది, ఆయన అప్పటికే బయట ఉన్నాడు. బీడీలకు 1977లో ఫండు వర్తించింది, బాపమ్మకు కొన్నేళ్ల తర్వాత కార్డు వచ్చింది. ఆమె 1998లో పని మానింది గనుక కొత్త పథకం కిందికి వచ్చింది. దాంతో ఇంట్లో నెల నెలా పింఛను బాపమ్మకు, కొన్ని వందలే అయినా. ఇద్దరూ కలిసి బ్యాంకుకు పోయేవారు, ఎందుకంటే కాగితం నింపడం తాతకే వచ్చు. వచ్చేటప్పుడు బస్టాండు దగ్గర హోటల్లో బాపమ్మ రెండు చాయలు చెప్పి, కొంగు ముడి విప్పి తానే పైసలిచ్చేది. ఒకసారి తాత, "ముప్పై ఏండ్లు మనియార్డర్లు పంపిన, ఆ లెక్క ఏడవాయె?" అన్నాడు. "అవి పిల్లలు తిన్నరు. ఇవి నావి, తాగు" అంది బాపమ్మ. ఆయనకు వినపడలేదు గాని పెదాలు చూసి నవ్వాడు, ఇంకో చాయ అడిగాడు. ఆమె ఇప్పించలేదు.